ఆగిపోయిన నాలుగంగుళాల గ్రైండర్‌ను విప్పి బాగుచేసుకునే పద్ధతి

గేట్లు చేసే వెల్డింగ్ షాపులోనైనా, గ్రానైట్ అంచులు కొట్టే మేస్త్రీ సంచిలోనైనా తక్కువ ధర నాలుగంగుళాల గ్రైండర్ ఒకటి తప్పకుండా ఉంటుంది. వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి వైపు దీన్ని ఇనుముకూ బండకూ ఒకేలా వాడతారు. ఒకరోజు అది ఉన్నట్టుండి ఆగిపోతుంది, లేదా కాలిన వాసన కొడుతుంది. దుకాణానికి తీసుకెళ్తే చాలాసార్లు వినిపించే మాట "ఆర్మేచర్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అనే. ఆర్మేచర్ అంటే మోటారులో తిరిగే, రాగి తీగ చుట్టిన భాగం. నిజానికి ఆగిపోయిన గ్రైండర్లలో చాలావాటికి పోయేది వైరు, స్విచ్, కార్బన్ బ్రష్ (తిరిగే ఆర్మేచర్‌కు ఆని కరెంటు అందించే కార్బన్ ముక్క) లేదా బేరింగే. ఆర్మేచర్ కాలినప్పుడు కూడా దాన్ని కాల్చింది ఎక్కువగా అరిగిన బేరింగో, అయిపోయిన కార్బనో అయి ఉంటుంది. ఆ కారణం పట్టుకోకుండా కొత్త ఆర్మేచర్ వేస్తే అదీ కొన్నాళ్లకే కాలిపోతుంది. అందుకే ఏ పార్టు పోయిందో ఎంత ముఖ్యమో, ఎందుకు పోయిందో కూడా అంతే ముఖ్యం.

కావాల్సిన పనిముట్లు ఎక్కువేం లేవు. మంచి ప్లస్ స్క్రూడ్రైవర్, సన్న మైనస్ స్క్రూడ్రైవర్, సర్‌క్లిప్ ప్లయర్, చిన్న బేరింగ్ పుల్లర్, మల్టీమీటర్, వెర్నియర్ (సన్న కొలతలు తీసే స్కేలు), గట్టి బ్రష్, పెట్రోలు లేదా కిరోసిన్, గ్రీజు ఉంటే సరిపోతుంది. స్క్రూడ్రైవర్ విషయంలో మాత్రం పొదుపు వద్దు. చవక గ్రైండర్ల స్క్రూలు మెత్తగా ఉంటాయి, అరిగిన స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల పాడై మొత్తం పని అక్కడే ఆగిపోతుంది.

విప్పకముందు చూడాల్సినవి

ప్లగ్ సాకెట్ నుంచి తీసి కంటికి కనిపించే చోట పెట్టండి. స్విచ్ బందు చేశాం కదా అనుకుంటే చాలదు. డిస్క్ విప్పేయండి. ఇప్పుడు డిస్క్ బిగించే ఇరుసును, అంటే స్పిండిల్‌ను, చేత్తో తిప్పండి.

మెత్తగా తిరిగితే బేరింగులు, గేర్లు బహుశా బాగానే ఉన్నాయి, లోపం కరెంటు దారిలో ఉంది. గరగరమంటే బేరింగు. ఒకచోట పట్టి మళ్లీ వదిలితే గేరు పన్ను విరిగింది. అసలు కదలకపోతే బేరింగ్ జామ్ అయి ఉంటుంది, లేదా స్పిండిల్ లాక్ పిన్ లోపలే ఇరుక్కుని ఉంటుంది. మిషన్ ఆగకముందే లాక్ బటన్ నొక్కే అలవాటు ఉన్నచోట ఈ పిన్ విరిగి ఉండటం మామూలే. స్పిండిల్‌ను పైకీ కిందికీ, పక్కలకూ ఊపి చూడండి. పక్కలకు లూజుగా ఆడితే స్పిండిల్ బేరింగ్ అయిపోయింది.

ఆ తర్వాత మల్టీమీటర్‌ను 200 ఓమ్స్‌పై పెట్టి, స్విచ్ ఆన్ చేసి, ప్లగ్ రెండు పిన్నుల మధ్య కొలవండి. కొన్ని ఓములు చూపిస్తూ, స్పిండిల్ తిప్పుతుంటే కొద్దికొద్దిగా మారుతుంటే కరెంటు దారి ఉన్నట్టే. ఏమీ చూపించకపోతే ఎక్కడో తెగింది. వైరును గ్రైండర్ మెడ దగ్గర, ప్లగ్ దగ్గర వంచుతూ మళ్లీ చూడండి. రీడింగ్ వచ్చిపోతుంటే లోపం వైరులోనే ఉంది.

సీరీస్ బల్బుతో (గ్రైండర్‌కు వరసలో కలిపిన బల్బుతో) చూసేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. బల్బు వెలగకపోతే దారి తెగిందని తెలుస్తుంది. కానీ బల్బు వెలిగినంత మాత్రాన మోటారు బాగున్నట్టు కాదు. బాగున్న గ్రైండర్‌తోనూ, షార్ట్ అయిన గ్రైండర్‌తోనూ బల్బు దాదాపు ఒకే వెలుగు ఇస్తుంది.

వైరు, స్విచ్

వైరు లోపలి తీగలు రబ్బరు మెడ దగ్గరే తెగుతాయి. అక్కడ 15 సెంటీమీటర్లు కోసేసి, మిగిలినదాన్ని మళ్లీ కలపండి. వెనక మూత ఒకటో రెండో స్క్రూలతో ఉంటుంది. తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకుంటే తర్వాత తడబడక్కర్లేదు. రబ్బరు మెడను, వైరును నొక్కిపట్టే క్లిప్పును తప్పకుండా తిరిగి బిగించండి. క్లిప్పు లేకపోతే వైరు లాగినప్పుడల్లా ఆ బరువు స్విచ్ టెర్మినల్ మీద పడుతుంది. మిషన్ వివరాల ప్లేటు మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ మిషన్. దానికి రెండు తీగల వైరే సరైనది, ఎర్త్ అక్కర్లేదు.

స్విచ్ పోయిందో లేదో తెలియడానికి ఆన్ చేసి ఇటుపక్క, అటుపక్క టెర్మినళ్ల మధ్య కొలవండి. సున్నాకు దగ్గరగా రావాలి. 5, 10 ఓములు చూపిస్తే లోపలి కాంటాక్టులు కాలాయి. బండ దుమ్ము స్విచ్‌లోకి వెళ్లి ఇలా చేస్తుంది. స్విచ్‌ను బాగుచేయడానికి కూర్చోకండి, కొత్తది కొనండి. అదే ఆకారం, అన్నే కాళ్లు, అదే ఆంపియర్ ఉన్నది తీసుకోండి.

స్విచ్ తీసేసి వైర్లు నేరుగా కలిపి, ప్లగ్ పెట్టడంతోనే నడిపించే పద్ధతి కొన్ని షాపుల్లో కనిపిస్తుంది. ఆ పని అస్సలు చేయకండి. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు బల్ల మీద పెట్టిన గ్రైండర్ దానంతటదే లేచి తిరుగుతుంది. దాని దారిలో చెయ్యి ఉంటే వేళ్లు పోతాయి.

కార్బన్ బ్రష్‌లు

ముందుగా అరిగేవి ఇవే. అరగడానికే పెట్టినవి కూడా. కొత్తదాని పొడవులో మూడోవంతు మిగిలినా, 5 మిల్లీమీటర్లకు తగ్గినా మార్చేయాలి. ఒకటే అరిగినట్టు కనిపించినా రెండూ కలిపే మార్చండి.

కార్బన్‌తోపాటు స్ప్రింగును, దాని రాగి తోకను కూడా చూడండి. తోక తెగినా లూజైనా కరెంటు స్ప్రింగు గుండా పోతుంది. స్ప్రింగు వేడెక్కి నీలిరంగుకు తిరిగి పట్టు కోల్పోతుంది. కార్బన్ కమ్యుటేటర్‌కు (ఆర్మేచర్ మీద రాగి పట్టీలుండే గుండ్రని భాగానికి) సరిగా ఆనక నిప్పురవ్వలు ఎగురుతాయి, ఆ నిప్పుకు కమ్యుటేటర్ కాలుతుంది. చిన్న రాగి తోక దగ్గర మొదలైన లోపం ఆర్మేచర్ దాకా వెళ్లేది ఇలాగే.

కొత్త కార్బన్ కొనేటప్పుడు మందం, వెడల్పు, పొడవు వెర్నియర్‌తో కొలిచి తీసుకోండి. హోల్డర్‌లో పెట్టి మిషన్‌ను వంచితే కార్బన్ తన బరువుకే జారాలి. కొంచెం లావుగా ఉంటే చదునైన అద్దం మీద సన్న శాండ్‌పేపర్ పరిచి రుద్దండి, సరిపోతుంది. సన్నగా ఉంటే మాత్రం వాడొద్దు. అది హోల్డర్‌లో ఒరిగి, ఒక్క అంచుతోనే ఆని నిప్పు కొడుతుంది. పాత టార్చి సెల్లులోని కార్బన్ కడ్డీని చెక్కి పెట్టడం కూడా తప్పే. ఆ కార్బన్ రకం వేరు, అది కమ్యుటేటర్‌ను తినేస్తుంది.

కార్బన్ ముఖం కమ్యుటేటర్ గుండ్రానికి సరిపడేదాకా సగం కూడా ఆనదు. అందుకని కొత్తవి వేశాక డిస్క్ లేకుండా పది నిమిషాలు ఖాళీగా నడపండి. ఆ తర్వాత మొదటి గంట తేలిక పనే చేయండి. పాత కార్బన్లు తీసి మళ్లీ పెట్టాల్సి వస్తే ఏది ఏ వైపుదో, ఏ ముఖం ఎటు ఉందో గుర్తు పెట్టుకుని అలాగే పెట్టాలి.

పూర్తిగా విప్పడం

మొదట కార్బన్లు బయటికి తీయండి, లేదా స్ప్రింగు వెనక్కి లాగి కార్బన్‌ను హోల్డర్‌లోనే పైకి ఎత్తి నిలపండి. ఇది మరిచి ఆర్మేచర్ లాగితే వెనక బేరింగ్ కార్బన్‌కు తగిలి దాన్ని విరగ్గొడుతుంది, హోల్డర్‌ను కూడా వంచుతుంది.

తర్వాత గేర్ హెడ్‌కున్న నాలుగు స్క్రూలు తీయండి. హెడ్‌ను రెండు చేతులతో పట్టి నేరుగా ముందుకు లాగితే ఆర్మేచర్ దానితోపాటే వస్తుంది. రాకపోతే ప్లాస్టిక్ బాడీని చెక్క మీద మెల్లగా తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే అంచు పగిలి తర్వాత దుమ్ము లోపలికి పోతుంది.

ఆర్మేచర్ వెనక బేరింగ్‌కు చాలా మోడళ్లలో రబ్బరు టోపీ ఉంటుంది. అది బాడీలోనే అతుక్కుని ఉండిపోవచ్చు, వెతికి జాగ్రత్తగా దాచండి. అది లేకుండా బిగిస్తే బేరింగ్ బయటి రింగు ప్లాస్టిక్‌లోనే తిరిగి దాన్ని కరిగిస్తుంది. ఫ్యాన్ ఎదురుగా ఉండే ప్లాస్టిక్ రింగును కూడా పారేయకూడదు. గాలిని మోటారు మీదుగా పంపేది అదే. ఆర్మేచర్ చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్ రెండు పొడవాటి స్క్రూలతో బాడీ లోపల ఉంటుంది. అవసరమైతేనే తీయండి.

ఆర్మేచర్, ఫీల్డ్: కాలిందా లేదా

కమ్యుటేటర్ మీద ఒకే తీరు గోధుమరంగు పొర ఉంటే మంచిది, దాన్ని గీకి మెరిపించాల్సిన పనిలేదు. నల్లగా మసిపట్టి ఉంటే 400 నంబరు శాండ్‌పేపర్ సన్న పట్టీతో తిప్పుతూ శుభ్రం చేయండి. ఎమరీ పేపర్ వద్దు, దాని పొడి రాగి పట్టీల మధ్య ఇరుక్కుంటుంది. పట్టీల మధ్య గాడిలో పేరుకున్న కార్బన్ పొడిని సన్నని మొనతో తీయండి. పట్టీలను వేరుచేసే మైకా పొర రాగితో సమానంగా పైకి వచ్చి ఉంటే సన్నగా అరగదీసిన హ్యాక్సా బ్లేడ్‌తో అర మిల్లీమీటరు లోతు గాడి చేయాలి. లేకపోతే కార్బన్ ఎగిరెగిరి పడుతుంది.

పట్టీల్లో ఒకటి రెండు మాత్రమే కాలి గుంట పడి ఉంటే ఆ కాయిల్ తెగింది. మల్టీమీటర్‌తో పక్కపక్క పట్టీల మధ్య వరసగా చుట్టూ కొలవండి. అన్నీ దాదాపు ఒకేలా ఉండాలి. ఒకచోట చాలా ఎక్కువ చూపిస్తే అక్కడ తెగింది, చాలా తక్కువైతే షార్ట్. ఆ తర్వాత మీటర్‌ను పెద్ద రేంజిలో పెట్టి పట్టీకి, ఇరుసుకు మధ్య కొలవండి. ఏమీ చూపించకూడదు. చూపిస్తే ఆ ఆర్మేచర్ మళ్లీ వాడకూడదు, ఇనుములోకి కరెంటు దిగుతోంది.

కొద్దిపాటి షార్ట్‌ను మామూలు మీటర్ పట్టలేదు. దానికి గ్రౌలర్ అనే, ఆర్మేచర్‌ను పరీక్షించే అయస్కాంత పరికరం కావాలి. బండ్ల సెల్ఫ్ మోటార్లు బాగుచేసే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర అది ఉంటుంది. గ్రౌలర్ మీద ఆర్మేచర్ పెట్టి, పైన హ్యాక్సా బ్లేడ్ ఆనించి తిప్పితే షార్ట్ ఉన్న గాడి దగ్గర బ్లేడ్ దడదడలాడుతుంది.

ఫీల్డ్‌లో రెండు కాయిళ్లుంటాయి. రెండింటి ఓములు విడివిడిగా కొలిచి పోల్చండి. ఒకటి 3 చూపిస్తూ రెండోది 2 చూపిస్తే రెండోది లోపల షార్ట్ అయింది, తీగ పైకి ఎర్రగానే కనిపించినా సరే.

ఊళ్లలో బోరు మోటార్లు చుట్టే రీవైండింగ్ షాపుకు ఆర్మేచర్ ఇవ్వచ్చా అని చాలామంది అడుగుతారు. ఆ పని వేరు, ఈ పని వేరు. ఈ ఆర్మేచర్ లోడు లేనప్పుడు నిమిషానికి 30,000 చుట్ల దాకా తిరుగుతుంది. స్పిండిల్ దగ్గర 11,000 చుట్లు కనిపించేది గేర్లు దాన్ని సుమారు మూడో వంతుకు తగ్గించడం వల్లే. ఆ వేగంలో తీగ బరువు ఒక పక్క కొంచెం ఎక్కువైనా, వార్నిష్ సరిగా పట్టకపోయినా ఆర్మేచర్ వణికి బేరింగులను తినేస్తుంది. చవక గ్రైండర్‌కు రెడీమేడ్ ఆర్మేచర్ కొనడమే నయం. ఆర్మేచర్, ఫీల్డ్ రెండూ కాలి, వాటి ధర కొత్త మిషన్ ధరలో సగం దాటితే బాగుచేయడం మానేయండి. పాత గేర్ హెడ్, స్విచ్, గార్డు, నట్లు దాచిపెట్టుకుంటే తర్వాత పనికొస్తాయి.

బేరింగులు

బేరింగ్ నంబరు దాని మూత మీదే ఉంటుంది. 607 అంటే లోపల 7, బయట 19, మందం 6 మిల్లీమీటర్లు. 608కు 8, 22, 7. 629కు 9, 26, 8. 6000కు 10, 26, 8. 6201కు 12, 32, 10. నంబరు అరిగిపోయినా ఈ కొలతలతో దుకాణంలో పట్టుకోవచ్చు.

నంబరు తర్వాత వచ్చే అక్షరాలను కూడా చూడాలి. జెడ్‌జెడ్ అంటే రెండు వైపులా రేకు మూత, 2ఆర్ఎస్ అంటే రబ్బరు మూత. బండ దుమ్ముకు రబ్బరు మంచిది కదా అని ఆర్మేచర్‌కు కూడా 2ఆర్ఎస్ వేస్తుంటారు. 30,000 చుట్ల వేగంలో లోపలి రింగుకు రాసుకునే రబ్బరు వేడెక్కుతుంది. కంపెనీ ఇచ్చినది ఏ రకమైతే ఆర్మేచర్‌కు ఆ రకమే వేయండి. స్పిండిల్ వేగం తక్కువ కాబట్టి అక్కడ రబ్బరు మూత పెట్టుకోవచ్చు.

పాతదాన్ని పుల్లర్‌తోనే తీయండి. కమ్యుటేటర్‌ను ఆధారంగా చేసుకుని కొడితే రాగి పట్టీలు లేచిపోతాయి. కొత్తది ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద మాత్రమే ఆనే పైపు ముక్క పెట్టి మెల్లగా దించండి. బయటి రింగు మీద కొడితే గుండ్లు రింగుల మీద గుంటలు చేస్తాయి, ఆ బేరింగ్ మొదటిరోజు నుంచే అరుస్తుంది.

కొత్త బేరింగ్ వేసేముందు బాడీలో అది కూర్చునే గుంటను వేలితో తడిమి చూడండి. జామైన బేరింగ్ వేడికి ప్లాస్టిక్ కరిగి గుంట పెద్దదైతే ఆర్మేచర్ పక్కకు జరిగి ఫీల్డ్‌కు రాసుకుంటుంది. ఆర్మేచర్ ఇనుము మీద ఒకవైపు మెరిసే గీతలుంటే జరిగింది అదే. అలాంటప్పుడు బాడీ కూడా మార్చాలి. గుంటలో టేపు చుట్టి, జిగురు పోసి నెట్టుకొస్తే కొత్త ఆర్మేచర్‌ను చేతులారా కాల్చినట్టే.

గేర్లు, గ్రీజు

పెద్ద గేరు, ఆర్మేచర్ చివర ఉండే చిన్న గేరు (పినియన్) జతగానే మార్చాలి. పళ్ల సంఖ్య, పళ్ల వంపు దిశ రెండూ కలవాలి. పినియన్ నట్టు కొన్నింట్లో ఎడమ మర ఉంటుంది, మర చూసి తర్వాతే బలం పెట్టండి. పాత గ్రీజును కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, లిథియం గ్రీజు గేర్ పెట్టెలో మూడోవంతుకు మించకుండా పెట్టండి. ఎక్కువ కూరితే వేడికి కరిగి బేరింగ్ దాటి మోటారులోకి వస్తుంది. ఫ్యాన్ దాన్ని చుట్టూ చిమ్మి దుమ్ముతో కలిపి ముద్ద చేస్తుంది.

పార్టు కొనేటప్పుడు

చవక గ్రైండర్లలో చాలావరకు బాష్, మకీటా, హిటాచీ పాత మోడళ్ల నకళ్లే. అందుకే పేరు చెప్పి అడిగితే దొరకని పార్టు కొలత చూపిస్తే దొరుకుతుంది. పాత ఆర్మేచర్‌ను వెంట తీసుకెళ్లండి. మొత్తం పొడవు, ఇనుప భాగం వ్యాసం, దాని పొడవు, కమ్యుటేటర్ వ్యాసం, రాగి పట్టీల సంఖ్య, బేరింగులు కూర్చునే చోట ఇరుసు వ్యాసం, పినియన్ వైపు ఆకారం, ఇవన్నీ పక్కపక్కన పెట్టి సరిచూడండి. ఇనుప భాగం పొడవు 2 మిల్లీమీటర్లు తేడా వచ్చినా వద్దనండి. వరంగల్, హన్మకొండల్లో పవర్‌టూల్ స్పేర్లు అమ్మే దుకాణాల్లో ఇలా పోల్చి చూసుకోనిస్తారు. చూడనివ్వని చోట కొనకండి.

బిగించి నడపడం

వైర్లు బాడీ గాడుల్లో కూర్చునేలా సర్దండి, ఒక్క తీగ కూడా ఫ్యాన్‌కు గానీ ఆర్మేచర్‌కు గానీ తగలకూడదు. స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. రీవైండింగ్ షాపులో మెగ్గర్ (కరెంటు ఇనుములోకి దిగుతోందో లేదో కొలిచే మీటర్) ఉంటుంది. ప్లగ్ పిన్నుకు, గేర్ హెడ్ ఇనుముకు మధ్య 500 వోల్టులతో చూపించుకోండి. 2 మెగాఓముల కన్నా తక్కువైతే నడపొద్దు.

మొదట డిస్క్ లేకుండా ఒక్క సెకను ఆన్ చేసి ఆపండి. హెడ్ మీది బాణం దిశలోనే తిరిగిందా చూడండి. ఎదురు తిరిగితే ఫీల్డ్ నుంచి కార్బన్లకు వచ్చే రెండు వైర్లు తారుమారయ్యాయి. అలాగే వాడితే నిప్పు ఎక్కువ వస్తుంది, పైగా డిస్క్ నట్టు తనంతట తాను విప్పుకుంటుంది. దిశ సరిగా ఉంటే పది నిమిషాలు నడిపి కార్బన్ల దగ్గర చూడండి. చిన్న నీలం రవ్వలు మామూలే. కమ్యుటేటర్ చుట్టూ పసుపు నిప్పు ఉంగరంలా తిరిగితే వెంటనే ఆపండి, ఆర్మేచర్‌లో షార్ట్ మిగిలి ఉంది.

గార్డు బిగించాకే డిస్క్ పెట్టండి. నాలుగంగుళాల డిస్క్ మీద సాధారణంగా 15,200 చుట్ల పరిమితి రాసి ఉంటుంది, అయిదంగుళాల దానిమీద 12,200. గార్డు తీసేసి పెద్ద డిస్క్ ఎక్కించడం వల్ల పగిలే ప్రమాదం ఒక్కటే కాదు, మోటారు మీద భారం కూడా పెరుగుతుంది.

మళ్లీ కాలకుండా

గ్రానైట్ కోసేటప్పుడు దుమ్ము వెనక రంధ్రాల నుంచి లోపలికి వెళ్లి తీగల వార్నిష్‌ను గీకుతుంది. రోజూ సాయంత్రం మిషన్‌ను ఖాళీగా నడుపుతూ వెనక రంధ్రాల్లో గాలి కొట్టండి, కళ్లద్దాలు పెట్టుకుని. పంక్చర్ షాపు గాలి వాడితే ముందు ట్యాంకులో నీళ్లు వదిలించమనండి, లేకపోతే తడి దుమ్ము లోపల బురదవుతుంది.

వోల్టేజీ తగ్గినచోట మోటారు నెమ్మదిస్తుంది, ఫ్యాన్ గాలి తగ్గుతుంది, పని సాగక మనిషి ఇంకా బలంగా నొక్కుతాడు. కాయిల్ కాలేది అప్పుడే. సన్న ఎక్స్‌టెన్షన్ వైరు దీన్ని ఇంకా పెంచుతుంది. 30 మీటర్ల దూరానికి 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 4 ఆంపియర్లకు 9 వోల్టులు పోతాయి, 1.5 వైరులో 3 వోల్టులే. మే నెల ఎండలో, పొలం మోటార్లన్నీ నడిచే వేళ అయిదు నిమిషాలు కోసి, రెండు నిమిషాలు ఖాళీగా తిప్పండి. వేడెక్కిన మిషన్‌ను ఒక్కసారిగా ఆపేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది, ఖాళీగా తిరిగితే ఫ్యాన్ దాన్ని బయటికి తోస్తుంది. కరెంటు పోతే ముందు స్విచ్ బందు చేసి ప్లగ్ తీసేయండి.